ముప్పై రెండో గిన్నె

మొన్న ఆదివారం మా మేనకోడలు వచ్చింది. ఒక చేతిలో మూతపెట్టిన స్టీలు గిన్నె, ఇంకో చేతిలో ప్లాస్టిక్ కవరులో కాగితాల బొత్తి. గిన్నె ఎప్పుడూ వచ్చేదే కనుక దాని సంగతి అడగలేదు, కాగితాల సంగతే అడిగాను. పలాసలో రైలుకట్ట పక్కనున్న బర్మా లైనుని మొత్తం పడగొట్టి అయిదంతస్తుల అపార్టుమెంట్లు కడతానని ఎవరో బిల్డరు వచ్చాడట, ఇంటికో ఫ్లాటు ఇస్తానన్నాడట, లైనులో అందరూ ఒప్పుకున్నారట, ఇక రెండే రెండు సంతకాలు మిగిలాయట. ఒకటి వాళ్ళమ్మది, అంటే మా వదినది. రెండోది నాది. "ముందు నువ్వెట్టీసినావంటే అమ్మ కూడా ఎట్టీస్తాది అత్తా. నీ మాటయితే ఇంటాది," అంది. మా వదిన నా మాట వింటుందన్న ముక్క ఇన్నేళ్ళకి వినడం, అదీ ఆవిడ కన్న కూతురి నోట వినడం నాకెంత బాగుందో చెప్పలేను. కాగితాలు అక్కడ పెట్టి వెళ్ళు, చూస్తానన్నాను.

నిజానికి బర్మా లైనులో నాకు సెంటు నేల లేదు. ఒక్క పూట కూడా అక్కడ కాపురం ఉండలేదు. అయినా నా సంతకం ఎందుకు కావలసివచ్చిందో చెప్పాలంటే నా కుళ్ళు సంగతి చెప్పాలి. ఈ వయసులో దాచుకుని ఏం చేసుకోను? మా వదినంటే నాకు కుళ్ళు. ఒకటీ రెండూ కాదు, యాభై ఏళ్ళు దాటిన కుళ్ళు. నా ఈడు ఆడవాళ్ళు ఇది చదువుతూ నవ్వుకుంటే నవ్వుకోండి, మీలో ఎంతమందికి ఆడపడుచు బుద్ధి లేదో నాకు తెలియదా!

నేను మూడో తరగతిలో ఉండగా వాళ్ళు మా ఊరొచ్చారు. వచ్చారనకూడదు, తిరిగొచ్చారనాలి. వాళ్ళ తాతలు మన బారువ రేవులో ఓడెక్కి రంగూను వెళ్ళినవాళ్ళే, మన పక్క ఊళ్ళవాళ్ళే. అక్కడ రోజులు మారి వెళ్ళిపొమ్మంటే పెట్టెలూ పిల్లలతో రైలు దిగారు. కొన్నాళ్ళు గుడారాల్లో ఉంచి, తరవాత రైలుకట్ట పక్కన ముప్పై ఒక్క తాటాకిళ్ళు ఒక వరసలో వేయించారు. వాళ్ళు మాట్లాడేది మా భాషే, ఆ మాటకొస్తే మా నాయనమ్మ నాటి మాటలు మాకంటే వాళ్ళ నోటనే ఎక్కువ వినబడేవి. అయినా ఊరు వాళ్ళని బర్మావాళ్ళనే అంది, ఆ వరసని బర్మా లైననే అంది. రోడ్డుకి ఇవతల పక్కన మా వరస. ఆఫీసు గుమాస్తాల పెంకుటిళ్ళు, ఇంటికో ప్రహరీ, ప్రహరీకో గేటు, గేటుకో గొళ్ళెం.

మా వదినని తెచ్చి నా బెంచీలోనే కూచోబెట్టారు. బుగ్గలకి ఏదో చెట్టు బెరడు అరగదీసిన గంధం గుండ్రంగా రాసుకుని వచ్చేది. బడంతా ఆ పిల్ల చుట్టూ మూగేవారు. నేను ఇంట్లో దేవుడి దగ్గర గంధపు చెక్క తీసి, అరగదీసి, రెండు బుగ్గలకీ పట్టించుకుని వెళితే పంతులుగారు పేరంటానికి వెళుతున్నావా అనడిగారు. ఆ రోజు మొదలు.

కానీ అసలు కడుపుమంట ఆ గంధం దగ్గర కాదు, గిన్నెల దగ్గర. మధ్యాహ్నం పాసింజరు స్టేషన్లో కూత వేయగానే బర్మా లైనులో ప్రతి ఇంటి గుమ్మంలోంచీ ఒక గిన్నె బయటికొచ్చేది. ఈ ఇంటి కూర కుడిపక్క ఇంటికి, ఆ ఇంటిది దాని కుడిపక్క ఇంటికి, చివరి ఇంటిది పెరటి దారమ్మట తిరిగి మొదటి ఇంటికి. ఎవరింట్లో ఏం వండినా తినేది మాత్రం పక్కింటి కూర. గుడారాల రోజుల్లో ఒకరి దగ్గర పప్పుంటే ఒకరి దగ్గర ఉప్పు కూడా ఉండేది కాదట, అప్పుడు పట్టుకున్న అలవాటు ఇళ్ళొచ్చాక కూడా వదల్లేదు. పనసపొట్టు కూర, ఎండు మెత్తళ్ళు, వాళ్ళు కౌసే అని పిలిచే సేమ్యాలాంటిదొకటి, దాని మీద వేయించిన వెల్లుల్లి, వేయించిన సెనగపిండి. ఆ వాసన రోడ్డు దాటి మా వరండాలోకి వచ్చేది, గిన్నె మాత్రం వచ్చేది కాదు. పొరుగింటి పుల్లకూర రుచి అని మనవాళ్ళు ఊరికే అనలేదు. రోజూ పుల్లకూర పొరుగింటినుంచే వచ్చే ఏర్పాటు చేసుకున్నారు ఆ మహాతల్లులు.

ఇక్కడ కాగితం సంగతి చెప్పాలి. ఆ ఇళ్ళ స్థలం రాసివ్వడానికి అధికారులు వచ్చి పొయ్యిల లెక్క అడిగారట, పొయ్యికో కాగితం ఇద్దామని. లైనుకంతటికీ పెద్దావిడ మా వదిన నాయనమ్మ, అందరం బర్మా మామ్మ అనేవాళ్ళం. ఆవిడ ముందుకొచ్చి, "మాకు ఒకటే పొయ్యి బాబూ. ఎవులు ఒండినా అందరం తింతాం," అందట. వాళ్ళు నిజంగా ఒకటే పొయ్యి అని రాసుకుపోయారు. నెల తరవాత మొత్తం స్థలానికి ఒకే ఒక్క కాగితం వచ్చింది, మామ్మ పేరున. ఆమెకును, ఆమెతో కలిసి తినువారికిని ఉమ్మడిగా అని. మా నాన్న ఆఫీసు గుమాస్తా, ఊళ్ళో అర్జీలన్నీ ఉచితంగా రాసిపెట్టేవారు. ఆ కాగితం చూసి తల పట్టుకున్నారు. ఇది పొరపాటమ్మా, రేపు విడివిడిగా అమ్ముకోలేరు, పంచుకోలేరు, దిద్దించుకోండి, నేను రాసిపెడతానని ఎంత చెప్పినా మామ్మ వినలేదు. మా తాటాకిళ్ళకి ఎప్పుడు నిప్పంటుకుంటుందో, దీన్ని నీ ఇనప్పెట్టెలో ఉంచు నాయనా అని ఆయన చేతిలోనే పెట్టి వెళ్ళిపోయింది. ఇంతకంటే తెలివితక్కువ పని ఉండదని నాన్న భోజనాల దగ్గర అనడం నాకు గుర్తు.

తరవాత జరిగింది మీరు ఊహించే ఉంటారు. మా అన్నయ్య ఆ పిల్లనే చేసుకుంటానన్నాడు. కులం వేరు, పద్ధతి వేరు, ఇంట్లో పెద్ద రభస. చేసుకుని వాళ్ళ లైనులోనే కాపురం పెట్టాడు. నాన్న అప్పటికే పోయారు, అమ్మ ఆరు నెలలు మాట్లాడలేదు. ఏడో నెలలో ఒక మధ్యాహ్నం రోడ్డు దాటి ఒక గిన్నె మా గేటు దగ్గరికొచ్చింది. అమ్మ తీసుకోదని నేను పందెం కట్టుకున్నంత ధీమాగా ఉన్నాను. తీసుకుంది. మర్నాడు కూడా తీసుకుంది. వారం తిరక్కుండా పాసింజరు కూత కోసం చెవి వేసుకుని కూచునే స్థితికొచ్చింది. నాకు పెళ్ళి కాలేదు, ఎందుకు కాలేదన్నది వేరే కథ. టెక్కలిలో టీచరు ఉద్యోగం, పొద్దున్న బస్సు, సాయంత్రం బస్సు, ఆదివారాలూ సెలవులూ అమ్మకి వంట. ఆ వంట తింటూ మా అమ్మ రోడ్డువైపు చూసేది.

చివరికి అమ్మకి కిడ్నీలు పాడయ్యాయి. మా ఉద్దానంలో అది ఏ ఇంట్లోనూ కొత్తమాట కాదు. డాక్టరు ఉప్పు మానేయమన్నాడు. నేను ఉప్పు లేకుండా వండిపెడితే అమ్మ ముద్ద నోట్లో పెట్టుకుని కక్కేసేది. మా వదిన అదే ఉప్పులేని కూరలో ఇంత సెనగపిండి చల్లి, నాలుగు వేయించిన వెల్లుల్లి రెబ్బలు నలిపి, నిమ్మకాయ పిండి పంపిస్తే గిన్నె ఖాళీ చేసేది. చేసే విధానం వదిన నాకూ చెప్పింది. నేను చేశాను. అమ్మ రుచి చూసి, దాని చెయ్యి వేరు అంది. పోయే రోజున కూడా ఆఖరి ముద్ద ఆ గిన్నెలోదే. స్నానం చేయించింది నేను, మంచం మార్చింది నేను, ఉద్యోగానికి సెలవు పెట్టింది నేను, ఆఖరి ముద్ద ఆవిడది! ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

అమ్మ పోయాక కూడా గిన్నె ఆగలేదు. నేను ఇంట్లో ఉన్న ప్రతి రోజూ నా కోసం వచ్చేది, అప్పటికి పన్నెండేళ్ళ పిల్ల అయిన మా మేనకోడలు తెచ్చేది. ఎవరి గిన్నె అయినా ఖాళీగా తిప్పి పంపకూడదని, చిటికెడు పంచదారైనా వేసి పంపాలని మనందరికీ తెలుసు. నేను గుమ్మంలోనే కూరని నా కంచంలోకి ఒంపేసుకుని, కడగని ఖాళీ గిన్నె ఆ పిల్ల చేతిలో పెట్టేసేదాన్ని. అవమానం చేస్తున్నానని తెలిసే చేసేదాన్ని. మర్నాడు గిన్నె మళ్ళీ వచ్చేది.

ఆ మరుసటి ఏడే రోడ్డు వెడల్పు చేస్తారన్న వార్త వచ్చింది. ఏదో ఒక పక్క వరస పోవాలి, రెండు పక్కలా చెరికాస్తా కొడితే ఎవరికీ ఏమీ మిగలదు. అప్పటికి బర్మా లైను తాటాకులు పోయి రేకులొచ్చాయి, కొన్ని శ్లాబులు కూడా లేచాయి, ఆడవాళ్ళు జీడిపప్పు బట్టీల్లో పిక్కలు ఒలిచి, ఆ జీడికి వేళ్ళు నల్లబడి, ఒక్కో గోడా లేపుకున్నారు. మా వరసవాళ్ళు ఒక అర్జీ రాశారు. మేమిక్కడ పుట్టిపెరిగినవాళ్ళం, వాళ్ళు వచ్చినవాళ్ళు, వాళ్ళకి ఇంకెక్కడైనా స్థలం ఇవ్వవచ్చును కనుక అటుపక్కే తీసుకోవలసిందని. ఇరవైమంది సంతకం పెట్టారు. మూడో సంతకం నాది. దస్తూరీ బాగుంటుందని పైన విన్నపం కూడా నా చేతే రాయించారు.

ఒక్కొక్క ఇంటికీ నోటీసు ఇవ్వడానికి సర్వేవాళ్ళు టేపు పట్టుకుని బర్మా లైనులోకి వెళ్ళారు. నేను వరండాలోంచి చూస్తూనే ఉన్నాను. మొదటి ఇంటి దగ్గర ఈ ఇల్లెవరిదని అడిగితే మామ్మదన్నారు. రెండో ఇంటి దగ్గరా మామ్మదే. పదో ఇల్లు, పదిహేనో ఇల్లు, అన్నీ మామ్మవే. మామ్మ పోయి అప్పటికి చాలా ఏళ్ళయింది. ఎవరూ గొంతు పెంచలేదు, ఎవరూ టేపుకి అడ్డం పడలేదు, ఎండన పడి వచ్చారని మజ్జిగ కూడా ఇచ్చారు. నోటీసు మాత్రం ఒక్కరూ అందుకోలేదు. మూడు రోజులు తిరిగి తిరిగి వాళ్ళు విసిగిపోయి, వారంలోగా మీ ఆధారం ఏదో చూపించండి, పెద్దాఫీసరు స్వయంగా ఇక్కడికే వచ్చి వింటారు, లేకపోతే ఇవన్నీ ఆక్రమణలుగా రాసేస్తామని చెప్పి వెళ్ళారు.

ఆ సాయంత్రం మా వదిన గేటు తీసుకుని వచ్చింది. మేమిద్దరం ఒకరినొకరం వదినా అనే పిలుచుకునేవాళ్ళం.

"మా మామ్మ కాయితం మీ నాన్న పెట్టెలో ఉండాల వదినా. ఓపాలి సూత్తావేటి?" అంది.

పెట్టె నా మంచం కిందే ఉంది. కాగితం ఎక్కడుందో, ఏ మడతలో ఉందో కూడా నాకు తెలుసు. అమ్మ పోయినప్పుడు పాత కాయితాలన్నీ పారేశానని చెప్పాను. ఆవిడ నా మొహంలోకి ఒక్క క్షణం చూసింది. అర్జీ మీద నా సంతకం ఉందని ఆవిడకి తెలుసు, ఊరందరికీ తెలుసు.

"సర్లే. తిన్నావా?" అని అడిగి, జవాబు కోసం చూడకుండా వెళ్ళిపోయింది.

ఒక్క మాట అనివుంటే నాకు సుఖంగా ఉండేది. దెబ్బలాడివుంటే నేనూ దెబ్బలాడి, అమ్మ ఆఖరి ముద్ద సంగతి ఎత్తి, కడుపులోది కక్కేసేదాన్ని. అన్నయ్య కూడా అడిగాడు, పారేశావా అని. పారేశానంటే నమ్మాడు. ఆ వారమంతా టెక్కలి బస్సులో కూచుని నాలో నేను వాదించుకునేదాన్ని. ఆ కాగితం బయటికొస్తే లైను నిలబడుతుంది, లైను నిలబడితే రోడ్డు మా వరస మీదికొస్తుంది, మా నాన్న కట్టిన ఇల్లు పోతుంది. న్యాయం నా పక్కనే ఉందనుకునేదాన్ని. నా ఇల్లు నేను కాపాడుకుంటున్నాననుకునేదాన్ని. అబద్ధం. ఇల్లు కాదు నా బాధ. అన్నయ్యని ఇచ్చాను, అమ్మనిచ్చాను, ఇప్పుడిది కూడా ఆవిడకేనా అన్నదే నా బాధ.

విచారణ ముందు రోజు సెలవు. పాసింజరు కూసింది, గిన్నె వచ్చింది. ఇంతలో అవతల ఎవరో పిలిచేసరికి మేనకోడలు గిన్నె గట్టుమీద పెట్టి పరిగెత్తింది. తిన్నాను, తినకుండా ఎప్పుడూ లేను, అదీ చెప్పాలిగా. గిన్నె తీసుకెళ్ళడానికి పిల్ల ఎంతకీ రాకపోతే దాన్ని తీసుకెళ్ళి నేనే కడిగాను. బోర్లించబోతే అడుగున అక్షరాలు తగిలాయి. స్టీలు సామాను మీద మనం పేర్లు కొట్టించుకోమూ, అలాగ. మా అమ్మ పేరు. దాని కింద ముప్పై రెండు అని అంకె.

బర్మా లైనులో ప్రతి గిన్నె అడుగునా ఇంటి అంకె ఉంటుందని నాకు తెలుసు, గిన్నెలు కలిసిపోకుండా కొట్టించుకుంటారు. అవి ముప్పై ఒకటి. ఈ ముప్పై రెండోది మొదటిసారి రోడ్డు దాటిన రోజునుంచీ మా ఇంటిదే. మా కోసం ఒక గిన్నె కొని, అమ్మ పేరు కొట్టించి, వరసలో కలుపుకుని ఇన్నేళ్ళూ పంపిస్తూ ఉంటే, నేను దాన్ని ఒక్కసారి కూడా తిప్పి చూడలేదు. కడిగివుంటే ఏనాడో తెలిసేది.  ఏడ్చానా అంటే ఏడ్చాను. కానీ ఆ ఏడుపులో కూడా, ఇది కూడా ఆవిడకే తట్టిందా, నాకు తట్టలేదేం అన్న ఏడుపు సగం ఉంది. నా బుద్ధి అంత.

పెట్టె తీసి, కాగితం గిన్నెలో పెట్టి, మూత వేసి, నేనే రోడ్డు దాటి వెళ్ళి ఆవిడ చేతికిచ్చాను. మూత తీసి చూసింది.  

మర్నాడు నేను బడికి వెళ్ళలేదు. ఆఫీసరు రైలుకట్ట దగ్గర కుర్చీ వేయించుకుని కాగితం రెండుసార్లు చదివాడు. మంచివాడే. ఆమె సరే, ఆమెతో కలిసి తినేవాళ్ళెవరు, ఇన్నేళ్ళ తరవాత నాకెలా తెలియాలి అన్నాడు. జవాబు చెప్పవలసిన అవసరం రాలేదు. పాసింజరు కూసింది. ముప్పై ఒక్క గుమ్మాల్లోంచీ ముప్పై ఒక్క గిన్నెలు బయటికొచ్చి కుడిపక్కకి వెళ్ళాయి. ఆయన పెన్ను పట్టుకుని ఒక్కొక్కటీ లెక్కపెట్టాడు. ఆఖరున ఇంకో గిన్నె మా వదిన చేతిలో రోడ్డు దాటింది. మా వరసవాళ్ళందరూ గేట్ల దగ్గర నిలబడి చూస్తూ ఉండగా నా ముందుకొచ్చి ఆగింది. రెండు చేతులా అందుకున్నాను. ఆయన ముప్పై రెండు అని రాసుకున్నాడు, ఆ లెక్కన ఆ ఉమ్మడి కాగితంలో నేనూ ఒకదాన్నయ్యాను.

లైను నిలిచింది. రోడ్డు మా మీదుగా వెళ్ళింది. మాకు ఇవ్వవలసింది ఇచ్చారు, అన్యాయం అనలేను. కానీ మా వరసవాళ్ళని చూడాలి, అర్జీ మీద ఒక్కటిగా సంతకాలు పెట్టిన ఇరవైమందీ మరుసటి రోజునుంచి ఎవరి వరండా వాళ్ళకి మిగల్చమని ఎవరికి వాళ్ళు ఆఫీసు చుట్టూ తిరిగారు. ఎవరికీ ఏదీ మిగల్లేదు. నాన్న ఇల్లు పడగొట్టిన రోజు వదిన వచ్చి నా పక్కన నిలబడింది. "మా ఇంటికి రమ్మంతన్నానేటి వదినా? నీ లైనుకి నిన్ను రమ్మంతన్నాను. పద," అంది. వెళ్ళాలనే ఉండింది. ప్రాణం కొట్టుకుపోయింది. కానీ వెళ్ళి ఆవిడ మంచితనం రోజూ కళ్ళెదుట చూస్తూ బతకడం నావల్ల కాదనిపించి, కాశీబుగ్గలో మేడమీద వాటా అద్దెకి తీసుకున్నాను. అప్పటినుంచీ గిన్నె ఇక్కడికే వస్తోంది. మొదట్లో సైకిలు మీద, ఇప్పుడు స్కూటీ మీద.

అన్నయ్య పోయి ఆరేళ్ళయింది. పాసింజరు కూత ఇప్పుడు ఎవరికీ పట్టదు. లైనులో ముప్పై ఒక్క ఇళ్ళకీ గేట్లు లేచాయి, తిరిగే గిన్నెలు తొమ్మిదో పదో అని మేనకోడలే చెప్పింది. పిల్లలకి లోను కావాలంటే విడి కాగితం ఉండాలట, వానొస్తే శ్లాబులు కారుతున్నాయట, ఉమ్మడి అనేసరికి ఎవరూ బాగుచేయించడం లేదట. వాళ్ళది తప్పని ఎలా అంటాను? ఎవరైనా తోసేస్తానంటే ఎదురు నిలబడ్డారు గాని, ఫ్లాటు ఇస్తానంటే ఎదురు నిలబడడం ఎవరికి వచ్చు? మా నాన్న దిద్దిస్తానన్న పొరపాటు ఇన్నేళ్ళకి వీళ్ళు దిద్దుకుంటున్నారు, అంతే కదా.

సంతకం పెడదామనే కూచున్నాను. ముందు నేను పెడితే వదిన నా వెనక పెడుతుంది, జన్మకి ఒక్కసారైనా ఆవిడ నా వెనక నడుస్తుంది. కళ్ళజోడు పెట్టుకుని కాగితాలు తిరగేస్తే ఆఖరి పేజీలో ఆవిడ పేరు ఎదురుగా సంతకం లేదు గాని, గుండ్రటి చేత్తో ఒక ముక్క రాసివుంది. నా బెంచీలో నా పక్కన కూచుని నేర్చుకున్న దస్తూరీయే, ఎక్కడైనా పోల్చుకోగలను. మాకు ఒకటే పొయ్యి అని.

చూశారా, ఇందులో కూడా నాకంటే ముందు ఆవిడే.

గిన్నె శుభ్రంగా కడిగాను. అడుగున అమ్మ పేరు దాదాపు అరిగిపోయింది, అంకె మాత్రం వేలికి తగులుతోంది. సంతకం లేని కాగితాలు మడతపెట్టి అందులో ఉంచి మూత వేశాను, ఖాళీ గిన్నె పంపకూడదు కనుక. రేపు మేనకోడలు రానక్కర్లేదు. ఆటో ఎక్కి నేనే వెళతాను, మధ్యాహ్నం వేళకి.